బడిని ఎంచుకోవచ్చు, మరి పాఠాన్ని?

ఈ వారం వ్యాసం జీఎస్-1 ఆధునిక చరిత్రకీ, జీఎస్-2 విద్యారంగానికీ మధ్యలో పడుతుంది. ఎస్సే పేపర్‌కి కూడా పనికొస్తుంది. అయితే నేను దీన్ని సిలబస్ ముందు పెట్టుకుని మొదలుపెట్టలేదు. మా సలాబత్‌పురాలో పక్క గల్లీ అక్క ఒకామె ఫారం నింపిపెట్టమని రావడంతో మొదలైంది.

వాళ్ళది సిరిసిల్ల వైపు. బావ సాంచాల మీద పని చేస్తాడు, అక్క ఇంట్లోనే చీరలకు లేసు కుడుతుంది. చేతిలో ఆధార్ జిరాక్సులు, ఆదాయం సర్టిఫికెట్, అద్దె కాగితం పట్టుకుని వచ్చింది. "తమ్మీ, జర గీ ఆర్టీఈ ఫారం నింపిపెట్టు. చిన్నదాన్ని మంచి బడిల ఎయ్యాలె" అంది. ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. ఏ బడి దగ్గర, ఏది ఇంగ్లీష్ మీడియం, బస్సు ఉందా, ఎనిమిదో తరగతి దాటాక ఫీజు ఎవరు కడతారు అని ఒక్కో ప్రశ్న అడిగింది. ఇంటర్వ్యూ బోర్డులో కూడా ఇంత సూటిగా అడగరేమో.

మధ్యలో మామూలుగా ఒక మాట అంది. "పెద్దదాన్ని బడికి పంపుడు ఉంటదో లేదో. మొన్ననే పెద్దమనిషైంది. ఏదో పాడు రోగమొచ్చిందనుకుని రెండు దినాలు ఎవ్వలకు చెప్పక మూలకు కూసోని ఏడ్సిందట." ఊళ్ళో ఫంక్షన్ చేస్తారట. రెండు వందల మందికి భోజనాలు, పిల్ల ఫోటోతో ఫ్లెక్సీ.

మన తెలుగువాళ్ళ దగ్గర ఉన్న విచిత్రం ఇదే. పిల్ల శరీరంలో వచ్చిన మార్పుని ఊరంతటికీ ఫ్లెక్సీ వేసి చెప్తాం. ఆ పిల్లకి మాత్రం ఆ మార్పేంటో ముందుగా ఒక్క మాట చెప్పం.

ఒకే ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదాని బడి ఎంచుకోమని ప్రభుత్వమే తల్లికి పోర్టల్ తెరిచి ఇచ్చింది. పెద్దదానికి రావాల్సిన పాఠం గురించి ఆ తల్లిని ఎవరూ ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. అందుకు సూరత్ విడిచి చాలా దూరం పోనక్కర్లేదు.

బెహ్రాంజీ మలబారీ పేరు ప్రిలిమ్స్ కోసం అందరం బట్టీ పట్టినదే. 1853లో బరోడాలో పుట్టిన ఈ పార్సీ పాత్రికేయుడు చిన్నప్పుడే తల్లితో సూరత్ వచ్చాడు. ఇక్కడి ఐరిష్ ప్రెస్బిటేరియన్ మిషన్ బడిలో చదివాడు. ఆ రోజుల్లో మిషన్ బడికి పిల్లాణ్ణి పంపడమంటే, ఇంగ్లీష్ వస్తుందన్న ఆశకీ మతం పోతుందన్న భయానికీ మధ్య ఒకదాన్ని ఎంచుకోవడమే. స్కూల్ చాయిస్ అనే మాట అప్పటికి లేదు, తల్లిదండ్రుల గుంజాటన మాత్రం ఉంది.

ఆ మలబారీయే 1884లో బాల్యవివాహాల మీదా, బలవంతపు వైధవ్యం మీదా తన 'నోట్స్' అచ్చువేసి వైస్రాయ్ దాకా పంపాడు. అదే కాలంలో బొంబాయిలో రుక్మాబాయి, ఊహ తెలియని వయసులో జరిగిన పెళ్ళికి కట్టుబడి కాపురానికి వెళ్ళనని కోర్టులో నిలబడింది. 1890లో కలకత్తాలో ఫూల్‌మణి దాసి కేసు వచ్చింది. పదేళ్ళు దాటీ దాటని ఆ పిల్ల, తనకన్నా ఎంతో పెద్దవాడైన భర్త చేతిలో, మొదటి రాత్రుల్లోనే చనిపోయింది. మరుసటి ఏడాది, లాన్స్‌డౌన్ కాలంలో, సమ్మతి వయసు చట్టం వచ్చింది. 1860 శిక్షాస్మృతిలో 10గా ఉన్న వయసు 12కి పెరిగింది. ఇంటి విషయాల్లో, మతం విషయాల్లో పరాయి సర్కారు జోక్యమేమిటని తిలక్ గట్టిగా వ్యతిరేకించాడు.

తర్వాతి కథ అంకెల్లోనే నడిచింది. 1925లో 14. 1930 ఏప్రిల్ నుంచి అమలైన శారదా చట్టంతో పెళ్ళి వయసు అమ్మాయికి 14, అబ్బాయికి 18. స్వాతంత్ర్యం వచ్చాక సమ్మతి వయసు 16. 2012 పోక్సో చట్టంతో 18.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. 10, 12, 14, 16, 18 అని నోట్స్‌లో రాసుకుంటాం, ప్రగతి అని పక్కన బాణం గుర్తు కూడా వేస్తాం. అది ప్రగతే, కాదనను. కానీ ఈ అంకెలన్నీ పెద్దవాళ్ళకి, ముఖ్యంగా మగవాళ్ళకి, చెప్పినవి. 'ఈ వయసు దాకా ముట్టుకోకు' అని. పిల్ల వైపు తిరిగి 'నీ శరీరం ఇలా ఉంటుంది, ఇలా మారుతుంది, ఎవరైనా ఇలా చేస్తే తప్పు నీది కాదు' అని చెప్పిన వాక్యం ఈ 120 ఏళ్ళ చట్టాల చరిత్రలో వెతికినా దొరకదు. రాజమండ్రిలో 1881లో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి అయినా, ఇక్కడ మలబారీ అయినా, పిల్లని కాపాడాలనుకున్నారు. పిల్లకి చెప్పాలన్న ఆలోచన వాళ్ళకి రాలేదు. ఆ కాలానికి అది సహజమే. ఆశ్చర్యం ఏమిటంటే మనం ఇంకా అక్కడే ఉండటం.

చెప్పాలన్న ఆలోచన అసలు ఎవరికీ రాలేదని కాదు. 1936లో గుజరాత్ విద్యాపీఠ్‌కి చెందిన మగన్‌భాయ్ దేశాయ్ అడిగితే గాంధీ 'హరిజన్'లో దీని మీదే రాశాడు. పిల్లలకి ఈ విషయం చెప్పాల్సిందేనన్నాడు. కానీ కోరికని అదుపు చేసుకునే చదువు ఒకటి, రెచ్చగొట్టే చదువు ఇంకొకటి అని విడదీసి, మొదటిదే కావాలన్నాడు. చెప్పే గురువుకి కూడా ఆ అదుపు ఉండాలన్నాడు. అంతకు ఏడాది ముందు, 1935 డిసెంబర్‌లో, వార్ధాలో మార్గరెట్ శాంగర్‌తో జరిగిన సంతాన నిరోధ చర్చలోనూ ఆయన ధోరణి అదే. బొంబాయిలో ఆర్.డి. కర్వే 1927 నుంచీ 'సమాజ్ స్వాస్థ్య' నడుపుతూ దానికి పూర్తిగా ఎదురు దారి పట్టాడు, అశ్లీలం అన్న కేసులు ఎదుర్కొన్నాడు. తెలుగులో, బడుల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన చలం 'బిడ్డల శిక్షణ' రాసి, పిల్లలు తల్లిదండ్రుల సొత్తు కాదని వాదించాడు. మన చర్చకి పునాది ప్రశ్న అదే: బిడ్డ ఎవరి సొత్తు?

తర్వాత విజయవాడలో గోరా గారి కుమారుడు డాక్టర్ సమరం 'స్వాతి' వారపత్రికలో ఏళ్ళ తరబడి పాఠకుల లైంగిక సందేహాలకి జవాబులిచ్చారు. ఊరి నుంచి ఎవరైనా వస్తే ఆ పత్రిక తెచ్చేవాళ్ళు. మా ఇంట్లో ఆ పేజీ ఎప్పుడూ మడిచి ఉండేది. మడిచిన పేజీనే పిల్లలు ముందు తెరుస్తారని పెద్దలకి ఎందుకు తట్టదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక బడిని ఎంచుకునే హక్కు సంగతి. ఈ దారి మొదట్లోనూ సూరత్ పేరు ఉంది. 1897లో ఇక్కడ పుట్టిన హంసా మెహతా, విశ్వమానవ హక్కుల ప్రకటన రాసేటప్పుడు మొదటి అధికరణంలో 'పురుషులందరూ' అన్న అర్థం వచ్చే మాటని 'మనుషులందరూ' అని మార్పించిన సభ్యురాలు. ఇది మనందరికీ తెలుసు. 1948 డిసెంబర్ 10న ఆమోదం పొందిన అదే ప్రకటనలో 26వ అధికరణం మూడో క్లాజు చూడండి. పిల్లలకి ఏ రకమైన చదువు చెప్పించాలో ఎంచుకునే హక్కు ముందుగా తల్లిదండ్రులదే అంటుంది. నాజీ పాలన బడుల్ని ఎలా వాడుకుందో కళ్ళారా చూసిన తరం రాసింది కాబట్టి, సర్కారు నుంచి పిల్లని కాపాడే కంచెగా తల్లిదండ్రుల్ని నిలబెట్టారు. 1960ల మొదట్లో, అబ్బాయిలకీ అమ్మాయిలకీ వేర్వేరు సిలబస్ ఉండాలా అన్నదాన్ని పరిశీలించిన కమిటీకి అధ్యక్షురాలు కూడా హంసా మెహతాయే. వేరు చేయొద్దనే ఆ కమిటీ చెప్పింది.

1955ని గుర్తు పెట్టుకోండి. ఆ ఏడాదే మిల్టన్ ఫ్రీడ్‌మన్ అమెరికాలో వోచర్ల ఆలోచన రాశాడు. ప్రభుత్వం డబ్బు బడికి కాదు, తల్లిదండ్రుల చేతికి ఇవ్వాలి, బడిని వాళ్ళు ఎంచుకుంటారు అన్నది దాని సారం. ఆ ఏడాదే స్వీడన్ బడుల్లో లైంగిక విద్యని తప్పనిసరి చేసింది. ఒకటి ఎంపిక, ఇంకొకటి నిర్బంధం. రెండూ ఢీకొన్నది మాత్రం డెన్మార్క్‌లో.

1970లో డెన్మార్క్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో లైంగిక విద్యని మిగతా పాఠాల్లో కలిపి తప్పనిసరి చేసింది. మూడు జంటల తల్లిదండ్రులు, మా మత విశ్వాసానికి ఇది విరుద్ధం, మా పిల్లల్ని మినహాయించండి అన్నారు. కేసు యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి వెళ్ళింది. కెల్డ్‌సెన్ కేసుగా ప్రసిద్ధమైన ఈ వివాదంలో 1976 డిసెంబర్ 7న తీర్పు వచ్చింది. సమాచారాన్ని నిష్పాక్షికంగా, విమర్శకి చోటిస్తూ చెప్పినంత కాలం తల్లిదండ్రుల హక్కుకి భంగం లేదు, ఒక నమ్మకాన్ని పిల్లల బుర్రలోకి ఎక్కించడం మాత్రమే నిషిద్ధం అంది కోర్టు. ఇంకో మాట కూడా అంది. మీకు నచ్చకపోతే ప్రైవేట్ బడులు ఉన్నాయి, వాటి ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే ఇస్తోంది, లేదా ఇంటి దగ్గర చదివించుకోవచ్చు అని.

ఆ తీర్పు నిలబడింది ఈ తలుపు మీదే. వద్దన్నవాడికి బయటికి పోయే దారి చూపించారు కాబట్టి ఉన్నవాళ్ళకి పాఠం చెప్పొచ్చు. ఇంగ్లండ్ వేరే పద్ధతి పెట్టుకుంది. తల్లిదండ్రులు పిల్లని లైంగిక విద్య క్లాసు నుంచి తప్పించమని కోరవచ్చు. అయితే 2020 నుంచి, 16 ఏళ్ళు నిండటానికి మూడు టర్ములు ముందు నుంచీ, పిల్లే 'నేను కూర్చుంటాను' అనవచ్చు. ఆ చిన్న నిబంధన నాకు బాగా నచ్చింది. బిడ్డ ఎవరి సొత్తు అన్న ప్రశ్నకి అందులో ఒక జవాబు ఉంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2005లో కేంద్ర మానవ వనరుల శాఖ, నాకో కలిసి కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టాయి. హెచ్ఐవీ భయం వెనకాల ఉంది. 2007 వచ్చేసరికి గుజరాత్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక, రాజస్థాన్ వంటి రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. బొమ్మలు అసభ్యంగా ఉన్నాయన్నారు, మన సంస్కృతి కాదన్నారు. టీచర్లలోనే చాలామందికి ఆ మాన్యువల్ పట్టుకుని క్లాసులో నిలబడాలంటే ఇబ్బంది. ఆ ఇబ్బందిని నేను ఎగతాళి చేయను. శిక్షణ లేకుండా పుస్తకం చేతికిచ్చి 'వెళ్ళి చెప్పు' అంటే ఎవరికైనా కష్టమే.

తర్వాత దీని మీద రాజ్యసభకి పిటిషన్ వెళ్ళింది. అప్పటి పిటిషన్ల కమిటీ అధ్యక్షుడు మన వెంకయ్య నాయుడు. 2009 నివేదికలో కమిటీ, బడుల్లో లైంగిక విద్య వద్దంది. హెచ్ఐవీ వంటి అంశాలు ఇంటర్ స్థాయి జీవశాస్త్రంలో ఉంటే చాలంది, పెళ్ళికి ముందు సంబంధాలు తప్పన్న సందేశం ఇవ్వాలంది. తల్లిదండ్రుల మనోభావాలు ఆ వాదనకి ఒక ముఖ్యమైన ఆధారం.

అదే 2007లో ఇంకో ప్రభుత్వ నివేదిక వచ్చింది. మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. 53.22 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. బాధితుల్లో అబ్బాయిలు సగానికి కాస్త ఎక్కువే. వేధించినవాళ్ళలో సగం మంది పిల్లకి తెలిసినవాళ్ళు, నమ్మినవాళ్ళు. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పలేదు. శాతం బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంటే ఒకే ఏడాది ఒక చేత్తో రోగం లెక్కపెట్టాం, ఇంకో చేత్తో మందు తీసేశాం. మెయిన్స్‌లో ఇంత పచ్చిగా రాయొద్దు, మార్కులు పోతాయి. ఇక్కడ రాయొచ్చు.

ఈ ఘట్టాన్ని డెన్మార్క్ పక్కన పెట్టి చూడండి. అక్కడ వద్దన్న తల్లిదండ్రులకి కోర్టు తలుపు చూపించింది. ఇక్కడ రాష్ట్రమే అందరి తరఫునా వద్దనేసింది. కావాలన్న తల్లిదండ్రులకి తలుపు ఏది? డబ్బున్నవాళ్ళకి ఉంది. పెద్ద ఫీజుల బడి కౌన్సెలర్‌ని పెట్టుకుంటుంది, వర్క్‌షాప్ చేస్తుంది, దానికి 'లైఫ్ స్కిల్స్' అని పేరు పెడుతుంది. మునిసిపల్ బడిలో పిల్లని వేసిన సాంచాల కార్మికుడికి ఆ తలుపు లేదు. 'తల్లిదండ్రుల ఎంపిక' పేరుతో జరిగిన నిర్ణయం, ఎంపిక చేసుకునే స్తోమత లేని తల్లిదండ్రుల నుంచే ఎంపికని తీసేసింది.

2009 ఆర్టీఈ చట్టం సెక్షన్ 12(1)(సి) ఆ తలుపుని కొద్దిగా తెరిచింది. ప్రైవేట్ బడుల్లో ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాలకి. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2014 ప్రమతి తీర్పు మైనారిటీ బడుల్ని చట్టం నుంచి తప్పించింది. మా అక్క నింపించిన ఫారం ఈ సెక్షన్ పుణ్యమే. కానీ ఆ ఫారంలో ఎంపిక అంటే బడి పేరు, మీడియం, దూరం. అంతే.

జనం కూడా ఎంపిక అంటే అదే అనుకుంటారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ప్రభుత్వం అడిగింది ఎప్పుడూ అదే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబర్‌లో జీవో 81తో ఇంగ్లీష్ మీడియం పెట్టారు, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం ఇంటింటికీ ఆప్షన్ ఫారాలు పంపింది. 96 శాతానికి పైగా తల్లిదండ్రులు ఇంగ్లీష్ అన్నారు. లక్షల మందిని ఏ భాషలో చెప్పాలని అడగగలిగిన వ్యవస్థకి, ఏం చెప్పాలని అడగడం చేతకాదా? 'మీ అమ్మాయికి నెలసరి గురించి ముందే బడిలో చెప్పమంటారా' అని అదే కాగితం మీద ఒక గడి పెడితే ఎంతమంది అవునంటారో మనకి తెలియదు. అడక్కుండానే వాళ్ళ తరఫున కాదని చెప్పేశాం.

సూరత్‌లో ఈ సమస్యకి ఇంకో పొర ఉంది. ఇక్కడి నగర ప్రాథమిక శిక్షణ సమితి గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాల్లోనూ బడులు నడుపుతోంది. 350ఎ అధికరణానికి ఉదాహరణ కావాలంటే మా ఊరిని రాసేయండి. వలస వచ్చిన నేత కుటుంబం పిల్ల తెలుగులో అక్షరాలు దిద్దగలగడం చిన్న విషయం కాదు. కానీ మా పిల్లల నోట్లో నాలుగు భాషలు ఉంటాయి. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, మార్కెట్‌లో గుజరాతీ, ఫోన్‌లో ఇంగ్లీష్. శరీర భాగాలకి నాలుగింటిలోనూ బూతులు తెలుసు. ఒక్కదానిలోనూ సరైన మాట తెలియదు.

2012 నవంబర్ 14న పోక్సో అమల్లోకి వచ్చింది. పిల్ల చెప్పిన మాట మీద కేసు నిలబడే చట్టం అది. ఏం జరిగిందో పిల్ల చెప్పాలి. ఏ మాటతో చెప్పాలి? బూతు మాట నోట్లోకి వస్తే అమ్మ కొడుతుంది, అసలు మాట ఎవరూ నేర్పలేదు. ఈ చట్టం గురించి పిల్లలకీ తల్లిదండ్రులకీ తెలిసేలా ప్రచారం చేయాలని సెక్షన్ 43 ప్రభుత్వాల్ని ఆదేశిస్తుంది. పరీక్షలో దీన్ని తప్పక వాడండి, ఎక్కువమంది సెక్షన్ 19 దగ్గరే ఆగిపోతారు. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 2024 సెప్టెంబర్ 23న జస్ట్ రైట్స్ ఫర్ చిల్డ్రన్ అలయన్స్ కేసులో సుప్రీంకోర్టు, లైంగిక విద్య పాశ్చాత్య భావన అనే అపోహని వదిలి, సమగ్రంగా చెప్పే ఏర్పాటు ఆలోచించమంది. కాగితం మీద 2007 నుంచి చాలా దూరం వచ్చాం. క్లాసులో ఎంత దూరం వచ్చామో మీ ఇంట్లో బడికెళ్ళే పిల్లని అడిగి చూడండి.

నేను పదో తరగతిలో ఉండగా ప్రత్యుత్పత్తి పాఠం వచ్చిన రోజు సార్ పుస్తకం మూసి 'ఇది మీరే చదువుకోండి, పరీక్షలో మొక్కల భాగం వస్తుంది' అన్నారు. వెనక బెంచీల్లో నవ్వులు. తర్వాత నాలుగేళ్ళు ఇంజనీరింగ్ హాస్టల్లో మిగతాది ఎక్కడి నుంచి నేర్చుకున్నామో రాయను, మీకు తెలుసు.

అందరూ అడిగే ఒక ప్రశ్నకి నా మాట చెప్తాను. పాఠాన్ని నిర్బంధం చేస్తే తల్లిదండ్రుల హక్కు పోదా? శరీరం పేర్లు, నెలసరి, ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదు, జరిగితే ఎవరికి చెప్పాలి, ఇవి లెక్కల్లో ఎక్కాల లాంటివి. ఇందులో ఎంపిక ఉండకూడదు. వేధించేవాళ్ళలో సగం మంది తెలిసినవాళ్ళే అయినప్పుడు, ఈ విషయాన్ని పూర్తిగా ఇంటికే వదలడం కుదరదు. ప్రేమ, పెళ్ళి, కోరిక గురించిన విలువలు వేరు. అక్కడ ఇల్లు, మతం, సంప్రదాయం మాట్లాడే చోటు ఉండాలి, తల్లిదండ్రుల్ని పిలిచి పాఠం ముందే చూపించాలి. కెల్డ్‌సెన్ తీర్పు గీసిన గీత దాదాపు ఇదే. మీరు ఒప్పుకోకపోవచ్చు. కామెంట్లలో వాదించండి, ఎస్సేకి రెండో వైపు కూడా కావాలి.

ఫారం సబ్మిట్ చేశాను. ప్రింటు ఇస్తుంటే అక్క అడిగింది. "తమ్మీ, గా బడిల ఆడపిల్లలకు గివన్నీ చెప్తరా? పెద్దదానికి ఎవ్వలు చెప్పలేదు. నాకు గూడ ఎవ్వలు చెప్పలేదు." ఫారంలో ఆ గడి లేదక్కా అన్నాను. మా చెల్లెలు నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. ఆదివారం ఆమెని వాళ్ళింటికి పంపాను. పెద్దమ్మాయి సైన్స్ పుస్తకంలోని కౌమారదశ పాఠం ముందు పెట్టుకుని ఇద్దరూ తలుపు వేసుకుని గంటన్నర కూర్చున్నారట. అక్క కూడా వంటింట్లో పని ఆపి వచ్చి గడప దగ్గర కూర్చుందట. ఫంక్షన్ వచ్చే నెలలో ఉంది. బడి మాన్పించే మాట మీద బావ ఇంకా ఏమీ తేల్చలేదు. లాటరీ ఫలితాలు కూడా ఇంకా రాలేదు.